కాఫీ తొక్కను ఏం చేద్దాం?

పొద్దున్నే డికాషన్ దిగాక ఫిల్టరులో మిగిలే పిప్పిని మీరందరూ చూసే ఉంటారు. అమ్మ దాన్ని గులాబీ మొక్క మొదట్లో వేస్తుంది, లేదా అంట్ల తొట్టిలోకి పోతుంది. కాఫీలో వ్యర్థం అంటే మనకు తెలిసింది ఆ గుప్పెడు పిప్పే. కాని ఆ పొడి మన వంటింటికి చేరక ముందే, కాఫీ పండిన కొండ మీద దానికి ఎన్నో రెట్ల వ్యర్థం మిగిలిపోయి ఉంటుంది. ఈ నెల పాఠం దాని గురించి.

ముందు పండును చూద్దాం. కాఫీ పండు చిన్న రేగుపండంత ఉంటుంది. పండితే ఎర్రగా నిగనిగలాడుతుంది. వేళ్లతో నొక్కితే పై తొక్క చిట్లి, లోపలి నుంచి రెండు గింజలు జారి బయటికి వస్తాయి. గింజ చేతికి జిగటగా అంటుకుంటుంది. ఆ జిగురు తీపి. నాకి చూస్తే తెలుస్తుంది. జిగురు కడిగేస్తే గింజ చుట్టూ పలచని, గట్టి పొట్టు కనిపిస్తుంది. దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. ఆ పొట్టు తీస్తే వచ్చే ఆకుపచ్చని గింజనే వేయించి పొడి కొడతారు. అంటే పండులో గుజ్జుతో కూడిన తొక్క, జిగురు, పొట్టు, గింజ ఉన్నాయన్న మాట. మనకు కావలసింది గింజ ఒక్కటే.

మన రాష్ట్రంలో అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, పాడేరు, అరకు, చింతపల్లి చుట్టుపక్కల, సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ పండిస్తున్నారు. ఆ చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. లక్షకు పైగా గిరిజన కుటుంబాలకు ఇది బతుకుతెరువు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నవంబరు నుంచి జనవరి దాకా పండ్లు కోస్తారు.

కోసిన పండ్లను నీళ్ల తొట్టిలో పోస్తారు. మంచివి మునుగుతాయి. తాలువి, పురుగు పట్టినవి తేలతాయి. తేలినవాటిని తీసేసి, మునిగినవాటిని పల్పర్ అనే మరలో వేస్తే తొక్క ఒక వైపుకు, గింజ ఒక వైపుకు వస్తాయి. జిగురు పట్టిన గింజలను ఒక రోజు, ఒకటిన్నర రోజు పులియబెడతారు. సూక్ష్మజీవులు జిగురును కరిగిస్తాయి. తరువాత శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, ఆఖరున పొట్టు తీస్తారు. ఇది తడి పద్ధతి. పండును పండుగానే కళ్లంలో ఎండబోసి, తరువాత దంచి గింజ తీసే ఎండు పద్ధతి కూడా ఉంది. అందులో నీళ్ల గొడవే లేదు. మరి అందరూ అలాగే చేయవచ్చు కదా అంటారేమో! జాగ్రత్తగా కడిగి ఆరబెట్టిన కాఫీకి సాధారణంగా మంచి ధర పలుకుతుంది. అందుకని రైతు తడి పద్ధతికి మొగ్గుతాడు. తప్పు పట్టలేం.

ఒక రైతు వెయ్యి కిలోల పండ్లు కోశాడనుకోండి. అతని చేతికి చివరికి వచ్చే గింజ సుమారు 170 కిలోలు. పొట్టు 40 కిలోల దాకా ఉంటుంది. తొక్క మాత్రం తడితో కలిపి 400 కిలోలు దాటుతుంది. మిగిలినది జిగురు, తేమ. జిగురు కడుగునీళ్లలో కలుస్తుంది, తేమ గాలిలో కలుస్తుంది. గింజ కన్నా తొక్క బరువే రెండింతలకు మించి ఉందని గమనించారా?

కొన్నేళ్ల క్రితం నేను ఏజెన్సీ ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పేవాణ్ణి. నీటి కాలుష్యం పాఠంలో పట్టణాల మురుగు గురించీ, ఫ్యాక్టరీల గురించీ చెబుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, మా ఊళ్లో ఫ్యాక్టరీ లేదు. అయినా సంక్రాంతి వెళ్లేదాకా గెడ్డ నీళ్లు తాగొద్దంటుంది మా అమ్మ. పుల్ల వాసన వస్తాయి," అన్నాడు. నేను పుస్తకం మూశాను. ఆ ఆదివారం నలుగురు పిల్లలతో ఆ గెడ్డ వెంబడి నడిచాను. ఊరికి పైన నీరు అద్దంలా ఉంది. కిందికి దిగేసరికి ఒడ్డున తొక్కల కుప్ప, దాని మీద ముసిరే జోరీగలు, నీటిలో నురగ. రాళ్ల మీద జారుడు పాకుడు. అది ఎవరి కుప్పో అడగనక్కర లేదు, అందరిదీను.

తొక్క విషం కాదు కదా, పండు తొక్కే కదా, గెడ్డకు ఏమవుతుంది? అని మీరు అడగవచ్చు. ఇదే ప్రశ్న మా తరగతిలోనూ వచ్చింది. జవాబు కోసం ఒక చిన్న ప్రయోగం చేశాం. మీరూ చేయవచ్చు.

తెల్లని గాజు సీసాలు మూడు తీసుకోండి. మూడింటిలోనూ శుభ్రమైన గెడ్డ నీరో, చెరువు నీరో నింపండి. క్లోరిన్ కలిపిన కుళాయి నీరు పనికి రాదు, అందులో సూక్ష్మజీవులు బతకవు. రెండో సీసాలో ఒక చెంచా, మూడో సీసాలో పది చెంచాల కాఫీ కడుగునీళ్లు కలపండి. మైదాన ప్రాంతాల పిల్లలు బాగా మాగిన అరటిపండు ముక్కను నీళ్లలో పిసికి వడకట్టి వాడుకోవచ్చు. మూడింటిలోనూ మెథిలీన్ బ్లూ చుక్కలు లేత నీలిరంగు వచ్చేదాకా వేయండి. గాలి బుడగ లేకుండా మూతి దాకా నింపి, బిరడా బిగించి, నీడలో పెట్టండి. పూటపూటకూ చూడండి. ముందు మూడో సీసా రంగు పోతుంది. ఆ తరువాత రెండోది. మొదటి సీసా మాత్రం నీలంగానే ఉంటుంది.

రంగు ఎక్కడికి పోయింది? నీటిలో బాక్టీరియాలు చక్కెరలను తింటూ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఆక్సిజన్ అయిపోయాక ఆ రంగు పదార్థాన్ని కూడా మార్చివేస్తాయి. అప్పుడది రంగులేనిదవుతుంది. నమ్మకం లేకపోతే మూడో సీసాలో నీళ్లు కొంచెం ఒంపేసి, గాలి చొరబడేటట్టు గట్టిగా కుదపండి. నీలిరంగు తిరిగి వస్తుంది! మా కుర్రాళ్లు దీన్ని ఇంద్రజాలం అనుకుని సాయంత్రం దాకా కుదుపుతూనే ఉన్నారు. (సీసాలో నీళ్లు తాగకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. వేరే చెప్పాలా?)

ఇప్పుడు లెక్క చూడండి. చల్లని శుభ్రమైన లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ సుమారు 8 మిల్లీగ్రాములు. చేపలు, పీతలు, పురుగులు అన్నీ దాని మీదే బతకాలి. కాఫీ కడుగునీళ్లు లీటరు కుళ్లడానికి కావలసిన ఆక్సిజన్ కొన్ని వేల మిల్లీగ్రాములు. 4,000 అనుకుందాం. 4,000ను 8తో భాగిస్తే 500. ఒక లీటరు కడుగునీళ్లు 500 లీటర్ల గెడ్డ నీటి ఊపిరి తీసేయగలవన్న మాట. పారే నీరు గాలి నుంచి మళ్లీ ఆక్సిజన్ తెచ్చుకుంటుంది, నిజమే. కాని కాఫీ కడిగే కాలం ఎప్పుడు? వానలు వెనకబట్టి, గెడ్డలు సన్నబడే కాలం. చక్కెర పులిసి ఆమ్లాలుగా మారుతుంది. ఆ కుర్రాడి తల్లి పట్టిన పుల్ల వాసన అదే. నీలి లిట్మస్ ముంచితే ఎర్రబడుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ వ్యర్థాన్ని ఏం చేయాలి? పుస్తకాలు తిరగేస్తే ఉపాయాలకు కొదవ లేదు. ఎరువు చేయవచ్చు, గ్యాసు తీయవచ్చు, పశువులకు పెట్టవచ్చు, పుట్టగొడుగులు పెంచవచ్చు, పొయ్యిలో మండించవచ్చు, పానీయం కాచవచ్చు. అన్నీ నిజమే. ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరు చేసి చూపినవే. అయితే ఒక చోట పనికొచ్చిన ఉపాయం మరో చోట పనికి రాకపోవచ్చు. అందుచేత ఉపాయాల పేర్లు బట్టీ పట్టకుండా మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకుందాం. ఆ వ్యర్థంలో నీరు ఎంత? అది ఎంతసేపు నిలవ ఉంటుంది? అది ఏ నెలలో, ఏ వాతావరణంలో చేతికి వస్తుంది?

పొట్టుతో మొదలుపెడదాం, ఎందుకంటే అది సులువు. పార్చ్‌మెంట్ పొట్టు గలగలలాడే ఎండు సరుకు. ఏడాదైనా నిలవ ఉంటుంది. కిలో పొట్టు మండితే సుమారు 4,000 కిలోకేలరీల వేడి వస్తుంది, అంటే కట్టెలకు ఏమాత్రం తీసిపోదు. పెద్ద కేంద్రాల్లో కాఫీ ఆరబెట్టే కొలిమిలో దాన్నే వాడతారు. పొట్టు సంగతి అంతటితో సరి.

అలాగైతే తొక్కను కూడా మండించకూడదా? పచ్చి తొక్కలో వందకు 78 పాళ్లు నీరే. కిలో తొక్కలో 780 గ్రాముల నీరు, 220 గ్రాముల ఎండు పదార్థం. కిలో నీటిని 20 డిగ్రీల నుంచి కాచి ఆవిరి చేయడానికి సుమారు 620 కిలోకేలరీలు కావాలి. కనుక 780 గ్రాములకు 484. ఆ 220 గ్రాముల ఎండు పదార్థం ఇచ్చే వేడి 880. సగానికి పైగా వేడి తన నీటిని ఆర్చుకోవడానికే పోతుంది! పొయ్యిలో జరిగే నష్టం అదనం. ఎండలో ఆరబెట్టి మండించవచ్చు కదా అంటే, అరబెట్టే కళ్లం మీద అప్పుడు గింజలుంటాయి. డిసెంబరులో ఆ కొండల మీద పొద్దెక్కేదాకా మంచు తెర లేవదు. తొక్క ఒక్క రోజు ఆగితే పులుస్తుంది, నాలుగు రోజులు ఆగితే బూజు పడుతుంది.

గోబర్ గ్యాసు సంగతేమిటి? తొక్క నుంచీ, కడుగునీళ్ల నుంచీ మీథేన్ వాయువు తీయవచ్చు. పెద్ద తోటలకు, పెద్ద కేంద్రాలకు ఇది మంచి దారి. చిన్న రైతు దగ్గర రెండు చిక్కులు వస్తాయి. గ్యాసు గుంతకు రోజూ మేత కావాలి. కాఫీ తొక్క మూడు నెలలు వెల్లువలా వచ్చి, తొమ్మిది నెలలు కనబడదు. పేడతో నడిచే గుంతలో కొంచెం కొంచెం తొక్క కలపడం వేరు, తొక్కను నమ్ముకుని గుంత తవ్వడం వేరు. రెండో చిక్కు చలి. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు 35 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉంటాయి. 15 డిగ్రీల లోపు బాగా మందగిస్తాయి. చింతపల్లి మండలం లంబసింగిలో చలికాలం రాత్రుళ్లు సున్నా డిగ్రీల దగ్గరికి దిగడం మీరు పత్రికల్లో చదివే ఉంటారు. తొక్క వచ్చేదీ సరిగ్గా అప్పుడే.

పశువులకు పెడదామా? తొక్కలో మాంసకృత్తులు ఉన్నాయి, పశువులు తినగలవు. అయితే ఎండు బరువులో వందకు ఒకటి, ఒకటిన్నర పాళ్లు కెఫీన్ ఉంటుంది, వగరు పుట్టించే టానిన్లు కూడా ఉంటాయి. 1970ల్లో గ్వాటెమాలాలోని పోషకాహార పరిశోధన సంస్థలో దీన్ని చాలా ఓపికగా పరీక్షించారు. పశువు మేతలో తొక్క అయిదో వంతు దాటితే తిండి తగ్గింది, ఎదుగుదల మందగించింది. కెఫీన్ వల్ల పశువులు ఎక్కువ నీళ్లు తాగి ఎక్కువ మూత్రం పోస్తాయి. బూజు పట్టిన తొక్క అయితే మరీ ప్రమాదం. నన్నడిగితే, ఉన్న రెండు ఎద్దుల మీద ఈ ప్రయోగం వద్దు.

పానీయం మాట వింటే మీకు నవ్వు రావచ్చు. కాని యెమెన్ దేశంలో ఎండిన కాఫీ తొక్కలను అల్లంతో కాచి "ఖిష్ర్" అనే పేరుతో ఎంతో కాలంగా తాగుతున్నారు. 2022లో ఐరోపా సమాజం కూడా ఎండు కాఫీ తొక్కను ఆహారంగా అనుమతించింది. దీనికి పురుగు లేని పండు, శుభ్రమైన నీరు, కోసిన రోజే ఆరబెట్టే ఏర్పాటు కావాలి. కొనేవాడు కూడా దొరకాలి. పది బస్తాల తొక్కకు ఇది దారి కావచ్చు, పది వేల బస్తాలకు కాదు.

పుట్టగొడుగులు నాకు ఇష్టమైన ఉపాయం. మన దగ్గర వరిగడ్డి మీద పెంచే ముత్యపుచిప్ప పుట్టగొడుగు కాఫీ తొక్క మీదా పెరుగుతుందని మెక్సికోలో 1980ల్లో చేసి చూపారు. వేడినీళ్లతో తొక్కలోని చెడ్డ సూక్ష్మజీవులను చంపి, విత్తనం కలిపి, చీకటి గదిలో ఉంచాలి. శిలీంధ్రం తొక్కలోని పీచును జీర్ణం చేసుకుంటుంది, కొంత కెఫీన్‌ను కూడా తగ్గిస్తుంది. కోత అయ్యాక మిగిలిన తొక్క చక్కని ఎరువుకు పనికొస్తుంది. కాని పుట్టగొడుగు కోసిన ఒకటి రెండు రోజుల్లో అమ్ముడుపోవాలి. వారానికి ఒక్కసారి సంత జరిగే ఊళ్లో అది కష్టం. రోడ్డు పక్క ఊరికి, యాత్రికులు వచ్చే ఊరికి ఇది నప్పుతుంది.

చివరికి మిగిలింది ఎరువు. అందరికీ తెలిసినదే కనుక చులకన చేస్తాం. మూడు ప్రశ్నలూ దీనికి వేసి చూడండి. తొక్కలో నీరు ఎక్కువ, నిజమే. రాలిన ఎండుటాకులు పొరలు పొరలుగా కలిపితే ఆ తేమను అవి పీల్చుకుంటాయి, గాలి ఆడటానికి సందులు ఏర్పడతాయి. నిలవ ఉండదు, సరే, మనకు కావలసిందీ కుళ్లడమే. మరి చలి? ఇక్కడే తమాషా. కుప్ప తన వేడిని తానే పుట్టించుకుంటుంది. మేము బడి వెనక మీటరు ఎత్తున తొక్క, ఎండుటాకు, పేడనీళ్లు, పిడికెడు తోట మట్టి కలిపి కుప్ప వేసి, వెదురు బొంగు దింపి దానిలో ధర్మామీటరు పెట్టాం. వారం తిరక్కుండానే లోపలి వేడి 50 డిగ్రీలు దాటింది. బయట పిల్లలు దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు! చిన్న కుప్ప వేస్తే ఇలా కాదు. దానికి లోపలి సరుకు తక్కువ, బయటి తలం ఎక్కువ, పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. రెండు వారాలకు ఒకసారి కుప్ప తిరగవేయాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే గాలి చాలలేదని, ముక్కు మండించే అమ్మోనియా వాసన వస్తే ఎండుటాకు చాలలేదని అర్థం. సిల్వర్ ఓక్ ఆకు ఒక పట్టాన కుళ్లదు, దాన్ని నలిపి వేయండి. మూడు నాలుగు నెలలకు, అంటే ఏప్రిల్ నాటికి, ఎరువు సిద్ధం. జూన్ వానలకు ముందే మొక్కకు చేరుతుంది.

ఎరువుతో రైతుకు ఏమొస్తుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. మన రైతు 400 కిలోల తొక్కలో ఎండు పదార్థం 90 కిలోలే. అందులో నత్రజని సుమారు కిలోన్నర, పొటాష్ మూడు కిలోల చొప్పున ఉంటాయి. నత్రజని లెక్కన చూస్తే అది మూడు కిలోల పైచిల్లర యూరియాకు సమానం. ఇంతేనా అనిపిస్తుంది. అయితే ఆ కొండల్లో చాలా మంది రసాయన ఎరువు వేయకుండా కాఫీ పండిస్తారు, వారి కాఫీకి ఆ పేరే విలువ. వారికి యూరియా బస్తా లెక్కలోకి రాదు. తోట నుంచి పండుతో పాటు వెళ్లిపోయే పొటాష్ తిరిగి తోటకే చేరాలంటే ఈ తొక్కే దగ్గర దారి. పైగా వాలు నేలలో ఎరువు మట్టిని పట్టి ఉంచుతుంది, తేమ నిలుపుతుంది. పచ్చి తొక్కనే నేరుగా వేయవచ్చు కదా అంటారా? లేత మొక్కల మొదట్లో వేయకూడదు. అది పులిసి వేడెక్కుతుంది, దానిలోని కెఫీన్ విత్తనాల మొలకను అడ్డుకుంటుంది. వానపాములు కూడా పచ్చి తొక్కను ఓర్చుకోలేవు. కుప్ప చల్లారాకనే వాటిని వదలాలి.

పచ్చి తొక్క చేసే ఈ హాని కూడా ఒక చోట మేలయింది. కోస్టారికా దేశంలో బీడుపడ్డ పచ్చిక నేల మీద శాస్త్రజ్ఞులు 30 లారీల కాఫీ తొక్కను అర మీటరు మందాన పరిచి వదిలేశారు. అడవి చెట్లను మొలవనివ్వకుండా అడ్డుపడుతున్న గడ్డి దాని వేడికి, గాలి ఆడక చచ్చింది. గాలి, పక్షులు తెచ్చిన విత్తనాలు ఆ తరువాత మొలిచాయి. రెండేళ్లకు అక్కడ నేలలో వందకు 80 పాళ్లు చెట్ల కొమ్మల నీడ కింద ఉంటే, తొక్క వేయని పక్క నేలలో 20 పాళ్లే ఉంది. ఈ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మన కొండవాలులో, గెడ్డకు పైన ఇదే పని చేస్తే? మొదటి వానకే అదంతా నీటిలోకి దిగుతుంది. చోటు మారితే మంచి ఉపాయం చెడ్డదవుతుందని చెప్పింది ఇందుకే.

తేలిన కాయల సంగతి మరిచిపోలేదు. వాటిలో కాయతొలుచు పురుగు ఉండవచ్చు. అది రెండు మిల్లీమీటర్లు కూడా లేని నల్లని పెంకు పురుగు, గింజలోనే కాపురం పెడుతుంది. మన దేశంలో 1990లో నీలగిరుల్లో మొదట కనిపించింది, 2025లో అరకు ప్రాంతంలో దాని జాడ దొరికింది. ఇలాంటి కాయలను కుప్పలో వేస్తే నడిమధ్య వేడికి చచ్చినా చల్లని అంచుల్లో పురుగు బతికిపోతుంది. వాటిని ముందు మరిగే నీళ్లలో ముంచి తీయవలసిందే.

ఇక కడుగునీళ్లు. దీనికి లాభసాటి ఉపాయం నా దగ్గర లేదు. కాని దాన్ని తగ్గించే ఉపాయం ఉంది. తొక్కను నీళ్లతో తోసి కాలువలోకి పంపితే దానిలోని చక్కెర, పొటాష్ నీటిలోకి దిగిపోతాయి. అప్పుడు ఎరువుకు సారం తగ్గుతుంది, నీటికి మురికి పెరుగుతుంది, రెండు విధాలా నష్టం. మర దగ్గరే తొక్కను పొడిగా గంపలోకి పట్టాలి. మిగిలిన కడుగునీళ్లను గెడ్డకు దూరంగా గుంతలో నిలిపి, సున్నం కలిపి పులుపు విరిచి, తేటపడ్డాక చెట్ల నడుమకు కొద్దికొద్దిగా వదలాలి. ఆ కుర్రాడి ఇంట్లో మరుసటి ఏడు చేసింది ఇంతే. పల్పర్ కింద ఒక వెదురు తట్ట పెట్టారు, పాతిక అడుగులు ఎడంగా ఒక గుంత తవ్వారు. పక్కింటివారు మాత్రం గెడ్డ ఒడ్డునే కడిగారు. ఆ ఏడు కూడా వాళ్లమ్మ సంక్రాంతి దాకా పై ఊట నుంచే నీళ్లు మోసింది. మూడో ఏడుకు ఆ వీధిలో నాలుగు గుంతలు అయ్యాయని నాకు బదిలీ అయ్యాక ఉత్తరం రాశాడు.

కాఫీ లేని ఊళ్ల పిల్లలకు ఒక పని ఇస్తున్నాను. పలాస వైపువారు జీడిపండును, మదనపల్లె వైపువారు సంతలో పారేసిన టమాటాను, మిగిలినవారు అరటి తొక్కను తీసుకోండి. సరిగ్గా ఒక కిలో తూచి, చిన్న ముక్కలుగా కోసి ఎండబెట్టండి. దానిలో నీరు ఎంతో కనుక్కుని, పైన తొక్కకు వేసినట్టే మంట లెక్క వేయండి. రోజూ సాయంత్రం తూచండి. రెండు రోజులు వరుసగా ఒకే బరువు వచ్చేదాకా అది ఎండినట్టు కాదు.